సెల్‌ఫోను పాఠాలలో సందేహానికి చోటు

అమెరికాలో ఓరైలీ సంస్థ 2011లో ఒక పాఠ్యగ్రంథాన్ని వెలువరించింది. ఆండ్రాయిడ్ సెల్‌ఫోన్లకు కావలసిన యాప్‌లను ఎవరికి వారే తయారు చేసుకొనే విధానం అందులోని విషయం. డేవిడ్ వోల్బర్, హాల్ ఏబెల్సన్, ఎల్లెన్ స్పెర్టస్, లిజ్ లూనీ అనే నలుగురు దాని కర్తలు. 2014లో రెండవ కూర్పు కూడా వచ్చింది. ఆ గ్రంథంలోని నాలుగవ అధ్యాయం పేరును తెలుగులో ‘బండి నడుపుతూ సందేశాలు వద్దు’ అని చెప్పుకోవచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థి ఒక పూటలో ముగించగల పాఠమది. ఉపాధ్యాయులు దానిని శ్రద్ధతో పరిశీలింపదగిన కారణం వేరొకటి ఉన్నది. యంత్రం తన చుట్టూ ఉన్న సందర్భాన్ని గ్రహించి దానికి తగినట్టు మెలగడం ఎట్లా అన్న ప్రశ్నను, అంత పేరు పెట్టకుండానే, ఆ అధ్యాయం చిన్నపిల్లల ముందుకు తెచ్చింది. ప్రశ్న మంచిది. సమాధానం సగమే చెప్పింది.

ముందు సాధనం సంగతి. యాప్ ఇన్వెంటర్ అనే ఈ పరికరాన్ని గూగుల్ సంస్థ 2010లో ప్రకటించింది. పిమ్మట దాని పోషణ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.) చేతికి వచ్చింది. ఏబెల్సన్ ఆ సంస్థలోనే ఆచార్యుడు. ఇందులో ప్రోగ్రామును వరుసలు వరుసలుగా రాయనక్కరలేదు. ముందుగా తయారై ఉన్న అంగాలను తెర మీదికి లాగి, రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తే చాలును. అంగమంటే ఒక పనిని తన లోపల ఇముడ్చుకొని, పైకి కొన్ని పిడులు మాత్రమే చూపే సాఫ్ట్‌వేర్ ముక్క. ఎడ్లబండి కట్టే వడ్రంగి చక్రపు పట్టాను తాను కాల్చడు; కమ్మరి చేసి ఇచ్చినదానిని తెచ్చి బిగిస్తాడు. ఇదీ అటువంటిదే.

ఆ అధ్యాయంలో తయారయ్యే యాప్ ఏమి చేస్తుంది? ఫోనుకు సందేశం అందగానే, ముందుగా రాసిపెట్టిన జవాబును పంపినవారికి తిప్పి పంపుతుంది. వచ్చిన సందేశాన్ని పైకి చదివి వినిపిస్తుంది. జవాబు చివర ఫోను ఉన్నచోటును కూడా చేర్చుతుంది. ఇందుకు నాలుగు అంగాలు: సందేశాలను పుచ్చుకొని పంపేది ఒకటి, రాతను మాటగా పలికేది ఒకటి, స్థానాన్ని తెలిపేది ఒకటి, రాసిపెట్టిన జవాబును ఫోను ఆపివేసినా పోనీయకుండా దాచే చిన్న భాండారం ఒకటి. ఇంతపని వెనుకటి రోజులలో కళాశాల విద్యార్థులకు కూడా భారంగానే ఉండేది. ఇప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లవాడు చేసి చూపి, తన తమ్ముడి చేత సందేశం పంపించి, ఫోను మాట్లాడితే విని ఆనందిస్తాడు. ఈ గొప్పను తక్కువ చేయరాదు.

అయితే అధ్యాయమంతా వెదికినా కానరాని సంగతి ఒకటి ఉన్నది. ఫోను యజమాని బండి నడుపుతున్నాడో లేదో యాప్ ఎక్కడా కనుగొనదు. అతడు యాప్‌ను తెరిస్తే చాలు, మంచం మీద పడుకొని ఉన్నా ‘బండి నడుపుతున్నాను’ అని జవాబు పోతుంది. స్థానాన్ని తెలిపే అంగం ఉన్నది నిజమే. దాని పని జవాబుకు చిరునామా అందించడం వరకే. ‘ఇతడు ప్రయాణంలో ఉన్నాడా?’ అన్న విచారణకు దానిని వాడలేదు. శీర్షిక ఒక సందర్భాన్ని పేర్కొన్నది. యంత్రం ఆ సందర్భాన్ని ఎరుగదు, మనిషి చెప్పిన మాటను నమ్ముకొని కూర్చున్నది. మొదటి పాఠానికి అది చాలునని కర్తల తరఫున వాదింపవచ్చును. వాదన సబబే. కాని సందర్భాన్ని యంత్రం తానుగా ఎరుగుతున్నదన్న భ్రమ విద్యార్థికి కలుగకుండా ఒక వాక్యమైనా ఉండవలసింది.

సందర్భం ఎరిగి పనిచేసే యంత్రాల చరిత్ర ఈ లోటును మరింత స్పష్టం చేస్తుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనాలయం వారు, రాయ్ వాంట్, ఆండీ హాపర్ ప్రభృతులు, ఒక బిళ్ళను తయారు చేసి, 1992లో దాని వివరాలను ప్రకటించారు. ఉద్యోగులు ఆ బిళ్ళను చొక్కాకు తగిలించుకొని తిరుగుతారు. అది 15 సెకండ్లకు ఒకసారి, సెకండులో సుమారు పదవ వంతు కాలంపాటు, తన గుర్తును పరారుణ కిరణాల రూపంలో వెదజల్లుతుంది. పరారుణ కిరణాలు గోడల గుండా పోవు. కనుక ఏ గదిలోని గ్రాహకం ఆ గుర్తును అందుకొన్నదో మనిషి ఆ గదిలో ఉన్నట్టు. టెలిఫోను వచ్చినప్పుడు, అక్కడి ఉద్యోగిని తన తెర మీద పట్టిక చూసి, ఆ మనిషికి దగ్గరగా ఉన్న టెలిఫోనుకు పిలుపును కలుపుతుంది.

ఇందులో మెచ్చవలసింది ఆ పట్టికయే. ఒక్కొక్క వరుసలో మనిషి పేరు, దగ్గరి టెలిఫోను నంబరు, గది పేరు ఉండేవి. వాటి ప్రక్కనే మరొక గడి ఉండేది. ఆ మనిషి అక్కడ దొరికే అవకాశం నూటికి ఎన్ని పాళ్ళో అందులో కనబడేది. కదలక ఒకచోట ఉంటే 100. అటూ ఇటూ తిరుగుతుంటే అంతకు తక్కువ. బిళ్ళ 5 నిమిషాలకు పైగా ఏ గ్రాహకానికీ కనబడకపోతే, చివరిసారి కనబడిన వేళ అక్కడ కనబడేది. ఆ రోజంతా కనబడకపోతే వారం పేరు, వారానికి మించితే ‘ఊళ్ళో లేరు’ అన్న భావం గల మాట. అంటే ఆ యంత్రం తనకు తెలిసినదానితో పాటు, అది ఎంతవరకు నమ్మదగినదో కూడా ముందే చెప్పుకొన్నది. తీర్పు మాత్రం టెలిఫోను దగ్గర కూర్చున్న మనిషిది.

‘సందర్భం ఎరిగిన’ అన్న విశేషణాన్ని కంప్యూటర్లకు వర్తింపజేసి, 1994లో బిల్ షిలిట్, మార్విన్ థైమర్ ఒక వ్యాసం ప్రకటించారు. పిమ్మట ఆ మాట వ్యాప్తిలోకి వచ్చింది. దానికొక నిర్మాణక్రమం ఏర్పరచినవారు జార్జియా టెక్ విద్యాసంస్థకు చెందిన అనింద్ డే, డేనియల్ సాల్బర్, గ్రెగరీ ఎబౌడ్. 1999లో వారు మొదటగా వివరించి, 2001లో ఒక పెద్ద వ్యాసంగా విస్తరించిన పనిముట్ల సంచి ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఒక మనిషి, చోటు లేక వస్తువు ఉన్న స్థితిని తెలుపగల సమాచారమేదైనా, అది యంత్రానికీ దానిని వాడే మనిషికీ నడుమ జరిగే వ్యవహారానికి అక్కరకు వచ్చేదైతే, సందర్భమే అని వారు నిర్వచించారు. ఇంత విశాలమైన నిర్వచనంలో ఇమడనిది అరుదు. సేద్యానికి పనికివచ్చే నేల ఎంత అని అడిగితే భూగోళమంతా చూపించినట్టున్నది.

నిర్వచనం ఎట్లా ఉన్నా, వారి అంగవిభజన చక్కనిది. గ్రాహకం నుండి కొలతను తెచ్చేది విడ్జెట్. ఆ కొలతకు అర్థం చెప్పేది వ్యాఖ్యాత: అక్షాంశ రేఖాంశాలను ‘బడిలో ఉన్నాడు’ అన్న మాటగా మార్చడం దాని పని. ఒక మనిషిని గురించి నలుదిక్కుల నుండి వచ్చే సంగతులను ఒకచోట చేర్చేది సంచాయకం. దీపం వెలిగించడం, సందేశం పంపడం వంటి పనులు చేసేవి సేవలు. ఎక్కడెక్కడ ఏ అంగాలున్నవో జాబితా ఉంచేది మరొకటి. ఈ పద్ధతిలో వారు కట్టి చూపినవాటిలో, భవనంలోనికి ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో తెలిపే పలక ఒకటి. మొదట అక్కడ బొత్తామంత లోహపు గుర్తును గ్రాహకానికి తాకించి వచ్చినట్టు తెలిపేవారు. రేపు ఆ గ్రాహకాన్ని తీసివేసి వేరొకటి పెట్టినా, పలకను నడిపే ప్రోగ్రామును మార్చే పని లేదు. విడ్జెట్ లోపల మార్పు జరుగుతుంది, బయటివారికి తెలియదు.

ఈ ఆలోచనకు వెనుక రెండు పాత మూలాలున్నవి. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సమావేశంలో డగ్లస్ మెకిల్‌రాయ్, విద్యుత్ పరికరాల విడిభాగాలవలె సాఫ్ట్‌వేర్ భాగాలు కూడా సరకుల పట్టీలో చూసి ఎంచుకొనేటట్టు తయారు కావాలని కోరాడు. 1972లో డేవిడ్ పార్నస్, ప్రోగ్రామును ముక్కలు చేసేటప్పుడు ఎక్కడ కోయాలో చెప్పాడు. మున్ముందు మారే అవకాశం ఉన్న ప్రతి నిర్ణయాన్నీ ఒక ముక్క లోపల దాచిపెట్టాలి, దాని మార్పు ఇతర ముక్కలను తాకరాదు అన్నది ఆయన సూత్రం. డే బృందం గ్రాహకాన్ని విడ్జెట్ లోపల దాచడం ఈ సూత్రానికి సరిపోయినది.

అయితే గ్రాహకంతో పాటు దాని పొరపాటు కూడా లోపలికి పోయింది. చిక్కంతా ఇక్కడనే. విడ్జెట్ అన్న పేరును వారు కంప్యూటర్ తెర మీది బొత్తాముల నుండి, జాబితాల నుండి తీసుకొన్నారు. తెర మీది బొత్తామును నొక్కడం, నొక్కకపోవడం అని రెండే స్థితులు. నొక్కినదని బొత్తాము చెబితే దానిని శంకింపవలసిన పని లేదు. సందర్భాన్ని తెలిపే అంగం సంగతి అట్లా కాదు. అది చెప్పేది కొలత మీద ఆధారపడిన ఊహ. బొత్తాము మాటకు, ఊహకు ఒకే ఆకారపు తొడుగు తొడిగితే, తొడుగును చూసినవాడు రెంటినీ ఒకే రీతిగా నమ్ముతాడు. పార్నస్ దాచమన్నది మారే నిర్ణయాలను. కొలతలోని సందిగ్ధత ఎవరో చేసిన నిర్ణయం కాదు. గ్రాహకాన్ని మార్చినా అది తన పరిమాణాన్ని మార్చుకొని అక్కడే ఉంటుంది. దానిని దాచడం ఆ సూత్రానికి వక్రభాష్యమే అవుతుంది. కేంబ్రిడ్జి పట్టికలోని సందేహపు గడి ఈ దారిలోనే జారిపోయింది. జార్జియా టెక్ వారి తొలి పనిముట్లలో దానికి చోటు లేకపోయింది. డే దీనిని గుర్తించకపోలేదు. 2002లో జెనిఫర్ మ్యాన్‌కాఫ్ మొదలైనవారితో కలిసి, సందిగ్ధమైన సందర్భాన్ని మనుషుల చేత సరిదిద్దించుకొనే ఏర్పాటును ఆ పనిముట్లకే జోడించి చూపాడు. తన పనిని తానే విమర్శించుకొన్న ఈ భాగాన్ని పాఠాలు రాసేవారు తరచుగా వదలిపెడుతున్నారు.

ఇప్పుడు బడిపిల్లల అధ్యాయానికి తిరిగి రావచ్చును. యాప్ ఇన్వెంటర్‌లోని స్థాన అంగం ఉన్నచోటును అక్షాంశ రేఖాంశాలుగా ఇస్తుంది. దశాంశ బిందువుకు తరువాత 5 అంకెల వరకు ఇస్తుంది. ఈ 5 అంకెల అర్థమేమిటో విద్యార్థి చేత లెక్క కట్టించాలి. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దానిలో లక్షవ వంతు 1.1 మీటర్లు. అంటే ఆ సంఖ్య, ‘నీవు ఈ బల్ల ఇవతల ఉన్నావు, అవతల లేవు’ అన్నంత ఖండితంగా మాట్లాడుతున్నది. మరి ఉపగ్రహాల సాయంతో మామూలు ఫోను ఆరుబయట నిర్మలాకాశం క్రింద తెలుసుకోగల స్థానంలో వచ్చే తేడాయే సుమారు 5 మీటర్లు. భవనాల నడుమ, కప్పుల క్రింద అది ఇంకా పెరుగుతుంది. ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి, మళ్ళి, ఆలస్యంగా వస్తాయి. భౌతిక శాస్త్రపు ప్రయోగశాలలో స్కేలుతో కొలిచి మైక్రోమీటరు అంకెలు రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గిస్తాడు. ఫోను రాస్తే ఎవరూ తగ్గించడం లేదు.

ఆ అంగంలో తేడా ఎన్ని మీటర్లో తెలిపే విలువ కూడా ఒకటి ఉన్నది. కర్తలు దానిని అందుబాటులో ఉంచినందుకు సంతోషింపవలసిందే. కాని తేడా తెలియనప్పుడు ఆ విలువ 0 అని వస్తుంది! తేడా సున్న అంటే తప్పే లేదని కదా అర్థం. ఏమీ తెలియని స్థితికీ, సంపూర్ణంగా తెలిసిన స్థితికీ ఒకే గుర్తు వాడడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అక్షాంశ రేఖాంశాలు కూడా తెలియనప్పుడు సున్నలుగానే వస్తాయి. రెండు సున్నల చోటు భూమి మీద నిజంగా ఉన్నది: ఆఫ్రికా పడమటి తీరానికి దూరాన, గినీ సింధుశాఖలో, నడిసముద్రం. పటాలతో పనిచేసేవారు దానిని హాస్యానికి శూన్యద్వీపం అంటారు. జాగ్రత్త లేని ప్రోగ్రాముల మూలంగా ఎన్నో వస్తువులు, మనుషులు పటం మీద అక్కడికి చేరుతుంటారు. స్థానం తెలిసిందా లేదా అని విడిగా అడిగే ఏర్పాటు అంగంలో ఉన్నది. అడగడం నేర్పేవారు కావాలి.

ఈ విషయంలో అధ్యాయకర్తలకు న్యాయం చేయవలసిన మాట ఒకటి ఉన్నది. యాప్ తెరవగానే స్థానం చూపే చోట ‘తెలియదు’ అన్న మాట ఉండేటట్టు వారు అమర్చారు. స్థానం మారినదన్న వార్త అంగం నుండి వచ్చిన తరువాతనే ఆ మాట తొలగిపోతుంది. జవాబులో కూడా ‘ఉన్నచోటు’ అనక ‘చివరగా తెలిసిన చోటు’ అన్నారు. రెండూ నిజాయితీ గల మాటలు. కాని ఒకసారి తొలగిన ‘తెలియదు’ మళ్ళీ తిరిగి రాదు. బండి సొరంగంలో చిక్కుకొన్నా, గంట క్రిందటి చిరునామా అట్లాగే నిలిచి ఉంటుంది. వార్త నిమిషానికి ఒకసారి చాలునని పెట్టుకొంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ నిమిషంలోనే 1 కిలోమీటరు దాటిపోతుంది. కేంబ్రిడ్జి పట్టికలో చివరిసారి కనబడిన వేళ ఉండేది. ఇక్కడ వేళ లేదు. గడియారపు అంగం అదే సంచిలో ఉన్నది. రెండు మూడు దిమ్మెలు తగిలిస్తే జవాబులో వేళ చేరుతుంది. ఇంత సులభమైనది విడిచిపెట్టడం విచారకరం.

అధ్యాయం చివరి అభ్యాసాలలో ఒకటి మరీ తొందరపాటుది. అక్షాంశ రేఖాంశాల హద్దులు పెట్టి, మనిషి ఫలానా గదిలో ఉన్నాడని యాప్ తెలుసుకొని, ఆ గది పేరుతో జవాబు పంపేటట్టు చేయమన్నారు. తరగతి గది వెడల్పు ఎంత? 6 మీటర్లనుకొంటే, ఆరుబయటనే 5 మీటర్లు తప్పే కొలత కప్పు క్రింద ఏ గదిని పట్టి ఇస్తుంది? పై అంతస్తు, క్రింది అంతస్తు గదులకు అక్షాంశ రేఖాంశాలు ఒకటే కదా! విద్యార్థి దిమ్మెలన్నీ సరిగా తగిలిస్తాడు, యాప్ తప్పు గది పేరు చెబుతుంది, తప్పు తనదేనని అనుకొంటాడు. తాను చేయని తప్పును వెదుకుతూ దిమ్మెలను విప్పి, మళ్ళీ కట్టి, విసిగిపోతాడు. పాఠం వల్ల కలిగే హాని ఇదే.

ఈ అధ్యాయాన్ని పారవేయవలసిన పని లేదు. దానికి ఒక వ్యాఖ్యాతను చేర్చవలసి ఉన్నది. డే బృందం చెప్పిన అర్థంలోనే వ్యాఖ్యాత. యాప్ ఇన్వెంటర్‌లో ఫలితాన్ని తిరిగి ఇచ్చే విధిని విద్యార్థి తానుగా నిర్మింపవచ్చును. ‘ప్రయాణంలో ఉన్నాడా?’ అని ఒక విధికి పేరు పెట్టి, జవాబు పంపే దిమ్మెలు దానిని అడిగే పని చేయాలి. విధి లోపల ఏమి ఉండాలి? ఈనాటి స్థాన అంగం వేగాన్ని కూడా ఇస్తుంది, సెకండుకు ఇన్ని మీటర్లని. గంటకు 20 కిలోమీటర్లంటే సెకండుకు సుమారు 5.6 మీటర్లు. అంతకు మించితే ప్రయాణమేనని మొదట అనుకోవచ్చును. వెంటనే పిల్లలే ప్రశ్నలు లేవదీస్తారు. కూడలిలో ఎర్రదీపం దగ్గర బండి ఆగితే? వేగం సున్న, ప్రయాణం ముగిసినట్టా? కనుక వేగం తగ్గిన వెంటనే కాక, రెండు మూడు నిమిషాలు అట్లాగే ఉంటేనే స్థితి మారినట్టు లెక్కించాలి. సైకిలు మీద దిగుడు బాటలో వస్తే? రైలులో కూర్చుంటే?

వేగాన్ని అంగం ఇవ్వని పక్షంలో, రెండు స్థానాల నడుమ దూరాన్ని కాలంతో భాగించి కనుగొనవచ్చును. ఇక్కడ ఒక చిన్న లెక్క పిల్లలకు మేలు చేస్తుంది. కదలక కూర్చున్నవాడి స్థానం మొదటిసారి ఒకవైపుకు 5 మీటర్లు, 5 సెకండ్ల తరువాత ఎదుటివైపుకు 5 మీటర్లు తప్పిందని అనుకొంటే, అతడు 5 సెకండ్లలో 10 మీటర్లు నడిచినట్టు తేలుతుంది. సెకండుకు 2 మీటర్లు, గంటకు 7.2 కిలోమీటర్లు! కుర్చీలో ఉన్నవాడు వడిగా నడుస్తున్నాడన్నమాట. ఉపగ్రహ గ్రాహకాలు స్థానాల తేడా మీద కాక, సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే డాప్లర్ మార్పు మీద ఆధారపడి వేగాన్ని కొలిచినప్పుడు ఫలితం ఎందుకు మెరుగుగా ఉంటుందో ఇక్కడ చెప్పవచ్చును. డాప్లర్ ఫలితానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ పిల్లల చొక్కా జేబులలో దొరకదు.

ఇంత చేసినా తేలని ప్రశ్న ఒకటి మిగులుతుంది. హైదరాబాదు నుండి విజయవాడ పోయే బస్సులో 40 మంది కూర్చున్నారు. అందరి ఫోన్లకూ వేగం ఒకటే. వారిలో బండి నడుపుతున్నవాడు ఒక్కడు. మిగిలినవారి ఫోన్లు ‘బండి నడుపుతున్నాను’ అని అబద్ధపు జవాబు పంపుతాయి. అంతేకాదు, వచ్చిన సందేశాన్ని బస్సంతా వినేటట్టు పైకి చదువుతాయి. ఆసుపత్రి నుండి వచ్చిన వార్తో, అప్పు ఇచ్చినవాడి గద్దింపో ప్రక్కసీటువాడికి కూడా వినబడుతుంది. వేగాన్ని ఎంత సూక్ష్మంగా కొలిచినా ఈ చిక్కు తీరదు. తెలియవలసిన సంగతి ఆ కొలతలో లేనే లేదు.

పాల్ డూరిష్ 2004లో రాసిన వ్యాసం ఈ చోటనే అక్కరకు వస్తుంది. సందర్భమనేది బయట నిలకడగా పడి ఉండి, గ్రాహకాలు ఏరుకొని రావలసిన సమాచారం కాదనీ, మనుషులు చేస్తున్న పనిలోనుండి అది ఎప్పటికప్పుడు ఏర్పడుతుందనీ ఆయన వాదం. బస్సులోని ప్రయాణికుడికీ డ్రైవరుకూ వేగం ఒకటే, పని వేరు. డూరిష్ వాదాన్ని చివరిదాకా సాగదీస్తే, ఇటువంటి యాప్‌లు కట్టనే కూడదనిపిస్తుంది. అంతదూరం పోనక్కరలేదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారు చేయించిన ‘దామిని’ యాప్‌ను చూడవచ్చును. తెలుగునాట కూడా పిడుగుల కాలంలో అది ఉపయోగపడుతుంది. ఫోను ఉన్నచోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల సంగతి తెలుపుతుంది. మనిషి చెట్టుక్రింద నిలబడ్డాడా, ఇంట్లో ఉన్నాడా అన్నది దానికి తెలియదు, తెలిసినట్టు నటించదు కూడా. జాగ్రత్తలు చెప్పి, పని మనిషికి విడిచిపెడుతుంది. 20 కిలోమీటర్ల వృత్తానికి 5 మీటర్ల తప్పు లెక్కలోనిది కాదు. కొలతకు తగిన ప్రశ్న అడగడమంటే ఇది.

కాబట్టి విద్యార్థి రాసే విధి ‘అవును’, ‘కాదు’ అని రెండే సమాధానాలు ఇస్తే చాలదు. ‘తెలియదు’ అన్న మూడవది కూడా ఇవ్వాలి. స్థానం ఇంకా అందకపోతే, అందినది పాతబడితే, తేడా మరీ ఎక్కువగా ఉంటే, లేక తేడా 0 అని వస్తే, సమాధానం ‘తెలియదు’. అప్పుడు యాప్ ఏమి చేయాలి? పైకి చదవక, యజమానిని అడగవచ్చును. లేక ఏమీ చేయక ఊరకుండవచ్చును. ఏది తగునో తరగతిలో చర్చకు పెడితే ఆ గంట వృథా కాదు. ‘తెలియదు’ను తగిలించేందుకు అదనంగా పట్టేవి పది పన్నెండు దిమ్మెలు.

మరొక లోపం తీవ్రమైనది. ఆ యాప్ సందేశం పంపినవారెవరో చూడదు. ఎవరు పంపినా యజమాని ఉన్నచోటు తెలుపుతుంది. స్నేహితుడికీ, వ్యాపార ప్రకటనలు పంపేవాడికీ, వెంటబడి వేధించేవాడికీ ఒకే జవాబు. ఆడపిల్లలున్న తరగతిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఇక్కడ ఆగకుండా ముందుకు పోరాదు. 2001లో డే బృందపు వ్యాసం వెలువడిన పత్రిక సంచికలోనే విక్టోరియా బెలోటీ, కీత్ ఎడ్వర్డ్స్ రాసిన వ్యాసం కూడా వచ్చింది. యంత్రం తనకు ఏమి తెలుసునో, అది ఎట్లా తెలిసిందో, దానితో ఏమి చేయబోతున్నదో మనిషికి చూపాలని వారు కోరారు. మనిషి సంగతి ఇంకొకరికి పోయేటప్పుడు అతనికి తెలిసే పోవాలన్నది వారి కోరికలో ముఖ్యభాగం. గూగుల్ సంస్థ 2018లో, తన దుకాణం ద్వారా ఇచ్చే యాప్‌లు ఫోనులోని సందేశాలను తాకే అనుమతులను కట్టుదిట్టం చేసింది. పెద్ద సంస్థలు ఆలస్యంగా తెలుసుకొన్న దానిని పిల్లలకు మొదటి రోజుననే చెప్పవచ్చును. ఫోనులోని పేర్ల జాబితా నుండి ఎంచుకొన్న నలుగురికి మాత్రమే చోటు తెలుపుమని షరతు పెట్టడం కష్టం కాదు. పంపే ముందు తెర మీద ‘ఫలానావారికి మీ చోటు పంపబడుతున్నది’ అని చూపడం ఇంకా సులభం.

డే పేరు ఈ చరిత్రలో మరొకసారి వస్తుంది. 2009లో బ్రయన్ లిమ్, డానియల్ అవ్రహామీలతో కలిసి ఆయన జరిపిన ప్రయోగంలో, యంత్రం ‘ఎందుకు ఇట్లా చేశాను’ అని తన పనికి కారణం చెప్పినప్పుడు, వాడేవారు దాని నడతను మెరుగుగా అర్థం చేసుకొన్నారని తేలింది. పదేళ్ళ క్రిందట గ్రాహకాన్ని అంగం లోపల దాచిన మనిషే, లోపలి సంగతిని మళ్ళీ బయటికి తెచ్చే మార్గాన్ని వెదికాడు. వడ్రంగి బండిలో చక్రం విరిగితే కమ్మరి దగ్గరికి పోతాడు. చక్రం ఎంత బరువు మోస్తుందో అతనికి ముందే చెప్పి ఉంటారు. స్థాన అంగంతో పాటు దాని బరువు చెప్పే చీటీ కూడా పాఠంలో ఉండాలి.

ఆ చీటీని బడిలోనే తయారు చేసుకోవచ్చును. ఆటస్థలంలో 5 చోట్ల సున్నంతో గుర్తులు పెట్టాలి. ఒకటి నడిమైదానంలో, ఒకటి వేపచెట్టు క్రింద, ఒకటి గోడవారగా, ఒకటి వరండాలో, ఒకటి తరగతి గదిలో. ప్రతి గుర్తు మీద ఫోనును ఉంచి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు అక్షాంశ రేఖాంశాలను, ఫోను చెప్పిన తేడాను, వేళను రాసుకోవాలి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా రేఖాంశం, నిలువుగా అక్షాంశం తీసుకొని చుక్కలు పెడితే, ఒక్కొక్క చోటు ఒక చుక్కగా కాక ఒక గుంపుగా కనబడుతుంది. మైదానం గుంపుకూ, గది గుంపుకూ వ్యాసాలు స్కేలుతో కొలిచి, ప్రక్కన రాసి, ఆ తరువాతనే నాలుగవ అధ్యాయం తెరవాలి.